సోమవారం నుంచి చెల్లే పసుపు కార్డు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు సింగపూర్ బిషాన్‌లో మా ఫ్లాట్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, మా చెల్లెలు మాధవి పొట్ట మీద చెయ్యి వేసి, "వచ్చే సోమవారం దాకా కదలకు బుజ్జీ, పెద్దమ్మ సింహాల్ని చూసి వచ్చేస్తుంది" అన్నాను.

"నువ్వెళ్లు అక్కా. ఎనిమిది రోజులేగా. మేమెక్కడికీ పోం" అంది మాధవి.

నవ్వుతూనే అంది కానీ నాకు మాత్రం కాళ్లు కదల్లేదు. నిండు నెలల చెల్లెల్ని వదిలి ఏనుగుల్ని చూడటానికి వెళ్లే అక్కను ఎవరైనా ఏమంటారు? నేనైతే నాలుగు మాటలు అనేదాన్నే. కెన్యా టికెట్లు మా పదిహేనో పెళ్లిరోజు కోసం మా ఆయన రఘు ఏడాది కిందటే కొన్నారు. అప్పటికి మాధవి కడుపుతో లేదు. వాళ్లాయన ఓడలో ఇంజనీరు. ఓడ సింగపూర్ చేరేది మేం తిరిగొచ్చాక బుధవారం. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది కాబట్టి ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ వారంలో ఏ రోజైనా పర్లేదంది. ఇక మావాళ్లు ఊరుకుంటారా? తెనాలి సిద్ధాంతిగారికి ఫోన్ వెళ్లింది, సోమవారం ఉదయం తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం వచ్చింది. డాక్టరమ్మ చైనా ఆవిడే అయినా మా తెలుగువాళ్లకు అలవాటు పడిపోయింది. "నైన్ ఓ క్లాక్ స్లాట్ కెన్. ఆ ట్వెల్వ్ మినిట్స్ మాత్రం ఐ కెనాట్ ప్రామిస్" అంది. సింగపూర్ ఇంగ్లీషులో కెన్ అంటే కుదురుతుందని.

మేం ఆదివారం ఉదయం ఏడింటికల్లా తిరిగి దిగుతాం, మర్నాడు నేను మాధవి పక్కన ఉంటాను. లెక్క చక్కగానే ఉంది. ఇంట్లో మా అత్తయ్య ఉంది, పన్నెండేళ్ల మా అమ్మాయి అనన్య ఉంది. అయినా అత్తయ్యకు ఇంగ్లీషు రాదు, లిఫ్టు ఎక్కితే ఏ నంబరు నొక్కాలో రోజూ అడుగుతుంది. ఆవిణ్ణి నమ్ముకుని వెళ్లడమేమిటని లోపల ఒకటే పీకులాట.

కెన్యా వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా రెండు మాటలు. ప్రయాణ అనుమతి ఆన్‌లైన్లో తీసుకోవాలి, మాకు మూడు రోజుల్లో వచ్చింది. రెండోది యెల్లో ఫీవర్ అనే పసుపు జ్వరానికి సూది. సింగపూర్ నుంచి వెళ్లేవాళ్లను అది వేయించుకున్నారా అని కెన్యావాళ్లు అడగరు. ఆ జ్వరం ఉన్న దేశం నుంచి వస్తున్నాం కాబట్టి తిరిగొచ్చేటప్పుడు సింగపూర్‌వాళ్లు అడుగుతారు. సూది వేశాక ఒక పసుపుపచ్చ కార్డు ఇస్తారు, దాన్ని పాస్‌పోర్టుతో పాటు దాచుకోవాలి. రఘు ఉద్యోగం పని మీద ఒకసారి ఘనా వెళ్లినప్పుడే వేయించుకున్నారు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. వేయించుకోవాల్సింది నేనొక్కదాన్నే. తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు పక్క క్లినిక్‌లో మంగళవారానికి అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

"మంగళవారం పూట ఒంట్లోకి కొత్త మందేమిటే అమ్మాయ్? బుధవారం అమావాస్య. ఆ రెండు రోజులూ పోనీ" అంది అత్తయ్య.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కాదనే ధైర్యమూ లేదు. క్లినిక్‌కి ఫోన్ చేసి నేనే మార్చుకున్నాను. గురువారం ఖాళీ లేదు, శుక్రవారం దొరికింది. సూది వేసిన డాక్టరు పది రోజులని ఏదో చెప్పాడు. నా బుర్రంతా ఆసుపత్రికి పట్టుకెళ్లాల్సిన సంచి మీద ఉంది. తలూపి, కార్డు తీసుకుని వచ్చేశాను.

చాంగీలో విమానం పదిన్నరకు బయల్దేరింది. మధ్యలో దోహాలో రెండున్నర గంటలు ఆగాం. అక్కడి నుంచి మాధవికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఎత్తి, "అక్కా, నువ్వు ఇలా చేస్తే నాకు నొప్పులు కాదు, తలనొప్పి వస్తుంది" అని పెట్టేసింది. నైరోబీలో దిగేసరికి అక్కడి టైము రాత్రి తొమ్మిది. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, అందుకే అత్తయ్య ఇచ్చిన జంతికలు స్టీలు డబ్బాలో తెచ్చుకున్నాను. కస్టమ్స్ అతను డబ్బా మూత తీయించి, వాసన చూసి, మళ్లీ తనే మూత పెట్టాడు.

సోమవారం ఉదయం ఏడింటికి మసాయి మారాకు వ్యాన్‌లో బయల్దేరాం. డ్రైవరు పీటరు, యాభై ఏళ్లుంటాయి, గైడూ ఆయనే. వ్యాన్‌లో మాతోపాటు సింగపూర్ నుంచే వచ్చిన ట్యాన్ ఆంటీ ఉన్నారు. తోఆ పాయోలో ఉంటారట. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి, ఒంటరిగా తిరుగుతున్నారు. నరోక్ అనే ఊళ్లో పదకొండింటికే భోజనానికి ఆపారు. చపాతీలూ ఉడికించిన చిక్కుడుగింజలూ ఉన్నాయి, శాకాహారులకు ఇబ్బంది లేదు. రెండింటికి క్యాంపు చేరాం. గుడారం అంటే భయపడ్డాను కానీ లోపల మంచం, వేన్నీళ్లు అన్నీ ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ ఒక్కటే లేదు. భోజనాల హాల్లో మాత్రం వైఫై ఉంది, అదీ కరెంటు ఉన్నప్పుడే. అది విన్నాక నాకు అన్నం దిగలేదు.

సఫారీ అంటే రోజంతా తిరగడమని మా అనన్య అనుకుంది. కాదు. ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, సాయంత్రం నాలుగింటి నుంచి ఆరున్నర దాకా, ఎండ లేని వేళల్లో తీసుకెళ్తారు. మధ్యాహ్నం జంతువులూ పడుకుంటాయి, మనమూ పడుకోవచ్చు. వ్యాన్ పైకప్పు లేపుతారు, నిలబడి చూడాలి. పీటరు మొదటి రోజే నియమాలు చెప్పారు: చేతులు బయటపెట్టకూడదు, అరవకూడదు, కిందికి అసలే దిగకూడదు. ఏ జంతువుకూ హారన్ కొట్టరు. అది కదిలేదాకా మనమే ఆగాలి.

మొదటి సాయంత్రమే ఏనుగుల గుంపు కనిపించింది. పిల్ల ఏనుగు తల్లి కాళ్ల మధ్య నుంచి నడుస్తోంది. రఘు కెమెరా దించలేదు. నేను సిగ్నల్ గీత ఒక్కటైనా వస్తుందేమోనని ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. మంగళవారం పొద్దున గడ్డిలో రెండు మగ సింహాలు కనిపించాయి. అప్పుడూ అదే పని.

"డియర్, లయన్ ఎడమవైపుంది. నువ్వు కుడివైపు ఫోన్ చూస్తున్నావ్" అన్నారు ట్యాన్ ఆంటీ. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. విషయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందా, ఎన్ని వారాలు, ఉమ్మనీరు సరిపడా ఉందా అని మెల్లగా అన్నీ అడిగారు. ఆ తర్వాత నేను ఎటు చూసినా ఏమీ అనలేదు.

బుధవారం సాయంత్రం భోజనాల హాల్లో టీ తాగుతున్నాం. ఆంటీ తన పసుపు కార్డు తీసి, దానికి వేసిన కవరు చూపించి, నీదీ ఇలాగే పెట్టుకో, చెమటకు తడుస్తుంది అన్నారు. నేను నాది తీసిచ్చాను. కళ్లజోడు సవరించుకుని చూశారు.

"నువ్వు దిగేది ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున."

"ఇది సోమవారం నుంచి చెల్లుతుంది. సూది వేశాక పది రోజులు నిండాలి కదా."

కార్డు లాక్కుని చూశాను. కార్డు మీద అంత స్పష్టంగా రాసి ఉంది, నేను ఒక్కసారైనా తిప్పి చూడలేదు. శుక్రవారం నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాను. శని, ఆది, సోమ. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆదివారానికి తొమ్మిదే. మంగళవారమే వేయించుకుని ఉంటే మూడు రోజుల ముందే చెల్లేది.

"చెల్లకపోతే ఏం చేస్తారు?" అన్నారు రఘు.

"ఆరు రోజుల దాకా విడిగా ఉంచొచ్చు. ఉంచుతారా అంటే నేను చెప్పలేను. ఉంచే హక్కుంది" అన్నారు ఆంటీ.

ఆరు రోజులు. సోమవారం మాధవి ఒక్కతే ఆపరేషన్‌కి వెళ్తుంది. మొగుడు సముద్రం మీద, అక్క గదిలో బందీ.

అప్పుడే ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది. నాకు కోపం ఆగలేదు. "మీ మంగళవారాలూ అమావాస్యలూ మా చెల్లెల్ని దిక్కులేనిదాన్ని చేశాయి అత్తయ్యా" అన్నాను. "నేనున్నానుగా అమ్మాయ్" అంది, చిన్న గొంతుతో. లిఫ్టు నంబరు తెలియని మీరుండి ఏం లాభం అని నోటిదాకా వచ్చింది. అనకుండా ఫోన్ పెట్టేశాను. అన్నది చాలదా? సూది వాయిదా వెయ్యమంది ఆవిడే కానీ, క్లినిక్‌కి ఫోన్ చేసిన నోరు నాది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే కోపం మరీ ఎక్కువైంది.

గురువారం ఉదయం సఫారీ మానుకుని హాల్లో కూర్చున్నాం. నా తిరుగు ప్రయాణం ఒక్క రోజు వాయిదా వేస్తే సోమవారం ఉదయం ఏడింటికి దిగుతాను. కార్డు చెల్లుతుంది. మాధవిని థియేటర్లోకి తీసుకెళ్లేలోపు ఒక్కసారి చూడొచ్చు. విమానం గంట ఆలస్యమైతే అదీ లేదు. రఘును పాత టికెట్టు మీదే వెళ్లమన్నాను. "నిన్నిలా వదిలేసి వెళ్తే ఆఫ్రికాలో సింహాలకు ప్రమాదం" అని తన టికెట్టూ మార్చుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మధ్యలో రెండుసార్లు వైఫై పోయింది, మార్పు ఖాయమయ్యేసరికి పదకొండున్నర.

శుక్రవారం మధ్యాహ్నం నైరోబీ తిరిగొచ్చాం. ట్యాన్ ఆంటీ ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. "కార్డు చేతిలోనే ఉంచుకో. పెద్ద సూట్‌కేసులో వేశావో, అదొక ప్రయాణం, నువ్వొక ప్రయాణం" అని నా భుజం తట్టారు.

శనివారం మాకు అదనంగా మిగిలిన రోజు. హోటల్లో కూర్చుంటే నేను పిచ్చెక్కిపోతానని రఘు పీటర్‌నే పిలిచి నైరోబీ నేషనల్ పార్కుకు బేరం కుదిర్చారు. ఊరి అంచునే ఉంది, ఆరింటికి గేటు తీస్తారు, పది గంటలకల్లా హోటలుకు వచ్చేయొచ్చు. నగదు తీసుకోరు, టికెట్టు ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలి. ఏనుగులు లేవు కానీ ఖడ్గమృగాలున్నాయి. జిరాఫీల వెనకాల ఊళ్లో మేడలు కనిపిస్తాయి. మేడలుంటే సిగ్నల్ ఉంటుంది, నేను ఒప్పుకున్నది అందుకే.

పార్కులో కొంత దూరం వెళ్లామో లేదో, ఆరూ ముప్పై అయిదుకి ఫోన్ మోగింది. అనన్య.

"మమ్మీ, డోంట్ ప్యానిక్ హా. పిన్ని వాటర్ బ్రోక్. నానమ్మ అంబులెన్స్ అంటే నేను కాల్ చేశా. వీ ఆర్ ఇన్‌సైడ్ ద అంబులెన్స్ ఆల్రెడీ. నానమ్మ ఈజ్ హోల్డింగ్ పిన్ని హ్యాండ్."

సింగపూర్లో పదకొండూ ముప్పై అయిదు. ఎదురుకాళ్ల బిడ్డ, ఉమ్మనీరు పోయింది. నాకు తెలిసిన భయాలన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. "వెనక్కి తిప్పండి" అన్నాను పీటర్‌తో. ఆయన వేలు చూపించారు. మట్టిదారికి అడ్డంగా, మా వ్యాన్‌కి పదిహేను అడుగుల ముందు, ఒక ఆడ సింహం పడుకుని ఉంది. వెనక అప్పటికే రెండు బళ్లు ఆగాయి. ముందుకూ వెనక్కూ దారి లేదు.

"ఎప్పుడు లేస్తుంది?"

"లేవాలనిపించినప్పుడు మేడమ్."

"హారన్ కొట్టండి."

"ఇది దాని ఇల్లు" అన్నారు పీటరు, నెమ్మదిగానే.

రఘు నా చెయ్యి పట్టుకున్నారు. "వెనక్కి వెళ్లి మాత్రం ఏం చేస్తాం సునీ? అక్కడా ఫోనే, ఇక్కడా ఫోనే." నిజమే. కాలు కాలిన పిల్లిలా తిరగడానికి కూడా చోటు లేని వ్యాన్‌లో కూర్చుని సింహం తోక చూస్తున్నాను. తోక అప్పుడప్పుడూ ఈగల్ని తోలుతోంది.

ఏడుంబావుకి మళ్లీ ఫోన్. డాక్టరమ్మ వచ్చిందట, వెంటనే ఆపరేషన్ అట. మాధవే సంతకం పెట్టిందట. అనన్య ఫోన్ నానమ్మకు ఇచ్చింది.

"అమ్మాయ్, కంగారు పడకు. దాని తల నిమిరి లోపలికి పంపించాను. అక్కడే ఉన్నాను, తలుపు ఎదురుగానే."

బుధవారం నేనన్న మాట గుర్తొచ్చింది. క్షమాపణ చెప్పాల్సిన చోట, నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న వింటే మీరు నవ్వుతారు. "ఇప్పుడు రాహుకాలమా అత్తయ్యా?"

"చూడలేదమ్మాయ్. నా ఫోను సంచిలో పెట్టేశా. ఇలాంటప్పుడు చూడకూడదు" అంది.

నేను చూశాను. ఆవిడ వద్దన్న తర్వాత, సింహం ఎదురుగా కూర్చుని, నమ్మకం లేని నేను, ఫోన్లో పంచాంగం తెరిచి చూశాను. రాహుకాలం అయిపోయింది. సింగపూర్ టైము ఒకటిన్నరకు యమగండం మొదలవుతుంది. ఆలోపు అయిపోతే బాగుండునని మొక్కుకున్నాను. ఇంతోటి దానికి అత్తయ్యను అన్నన్ని మాటలు అన్నాను.

ఎనిమిదింటికి ముందు సింహం లేచింది. ఒళ్లు విరుచుకుని, మా వ్యాన్ పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నడిచి వెళ్లింది. ఒక్కసారైనా మావైపు చూడలేదు. దారి వదిలింది కాబట్టి పీటరు బండి కదిపారు. గేటు దగ్గర టీ అంగట్లో కూర్చున్నాం. ఎనిమిదిన్నర దాటింది, అంటే అక్కడ యమగండం వచ్చేసింది. ఫోన్ మోగలేదు. ఎనిమిదీ యాభైకి మోగింది.

"ఆడపిల్ల" అంది అత్తయ్య. "ఒకటీ నలభైకి పుట్టింది. అరుపు తలుపు బయటికి వినపడింది."

"మాధవి?"

"ఇంకా బయటికి తేలేదు. కుట్లు వేస్తున్నారట."

ఆ తర్వాత ముప్పావుగంట ఎలా గడిచిందో నేను రాయలేను. తొమ్మిదీ ముప్పై అయిదుకి అనన్య ఒక ఫొటో పంపింది. స్ట్రెచర్ మీద మాధవి, కళ్లు సగం మూసుకుని, బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. టీ అంగడావిడ ముందు నేను భోరున ఏడ్చాను. ఆవిడ ఇంకో టీ పోసి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు.

తర్వాత లెక్క చూసుకుంటే, అనుకున్నట్టే శనివారం పదకొండింటికి విమానం ఎక్కి ఉన్నా నేను కాన్పుకు అందేదాన్ని కాదు. మంగళవారం సూది వేయించుకున్నా అందేదాన్ని కాదు. అత్తయ్య పంచాంగం వల్ల నాకు నష్టమైంది ఒక్క రోజు. ఆ ఒక్క రోజుకి నేను ఆవిణ్ణి అన్న మాట మాత్రం చాలా పెద్దది. ఆదివారం విమానంలో పక్క సీటులో రఘు నిద్రపోతుంటే, ఆవిడకు ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం ఉదయం ఏడూ ఇరవైకి చాంగీలో దిగాం. ఆరోగ్య తనిఖీ బల్ల దగ్గర ఒక మలయ్ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. అన్నిరోజులూ చేతిలోనే ఉంచుకున్న కార్డు ఇచ్చాను. అతను తేదీ చూశాడు, గోడ మీద క్యాలెండర్ చూశాడు, వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"టుడే కెన్" అన్నాడు. "ఎస్టర్డే కెనాట్."

అంతే. ముద్ర కూడా వెయ్యలేదు. రఘు సామాను తీసుకుని ఇంటికి వెళ్లారు, నేను ట్యాక్సీలో నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. సోమవారం ట్రాఫిక్ కదా, గంటకు పైగా పట్టింది.

వార్డులో మాధవి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహం పాలిపోయి ఉంది. పక్కన కుర్చీలో అత్తయ్య, ఒడిలో తెల్లబట్టలో మూట. రెండు రోజులుగా ఇంటికి, ఆసుపత్రికి ఎంఆర్‌టీలో ఆవిడే తిరుగుతోందని మాధవి చెప్పింది. రంగులు చూసి రైలు మారుతోందట.

"సింహాన్ని చూశావా అక్కా?" అంది మాధవి.

"చూశా. అదే నన్ను చూడలేదు" అన్నాను. మాధవి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. అత్తయ్య వైపు తిరిగాను. వల్లె వేసుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. "అత్తయ్యా, ఆ రోజు ఫోన్లో నేను..." అన్నాను.

"ఆ ఊసెందుకిప్పుడు? చేతులు కడుక్కురా" అంది.

కడుక్కుని వచ్చి చేతులు చాపాను. అత్తయ్య పాపను ఇవ్వబోయి ఆగి, తల తిప్పి గోడ గడియారం చూసింది. తొమ్మిదీ పది.

"ఇంకో రెండు నిమిషాలు ఆగు. యమగండంలో పుట్టింది పిల్ల, దాని మొహాన ఏం రాసుందో అది బాగానే ఉంటుంది. కానీ పాపం సిద్ధాంతిగారి మాట కూడా ఎక్కడో ఒకచోట నిలబడాలిగా" అంది.

మాధవి నవ్వబోయి కుట్లు పట్టుకుంది. ఎనిమిది రోజుల్లో నేను ఏనుగుల్నీ సింహాల్నీ ఖడ్గమృగాల్నీ చూశాను, వాటిలో దేన్నీ సరిగ్గా చూడలేదు. ఒక సింహం లేచేదాకా గంటకు పైగా ఆగడం మాత్రం నేర్చుకున్నాను. రెండు నిమిషాలు నాకొక లెక్కా?

చేతులు చాపి నిలబడ్డాను. తొమ్మిదీ పన్నెండుకి అత్తయ్య పాపను నా చేతుల్లో పెట్టింది.